ఎత్తిపోతల దగ్గర మోటారు బేరం

ఎత్తిపోతల అనే మాట వినగానే ఈ కాలం వారికి మోటార్లూ, పైపులూ, కరెంటు బిల్లులూ జ్ఞాపకం వస్తాయి. కింద వున్న నీటిని పైకెత్తి పొలాల్లో పోసే పథకాలకు ఆ పేరు స్థిరపడిపోయింది గదా! పల్నాడులోని ఎత్తిపోతల అటువంటిది కాదు. ఇక్కడ నీటిని ఎవరూ పైకెత్తరు. అదే కిందికి దూకుతుంది. మాచర్ల మీదుగా వచ్చే చంద్రవంక, నక్కలవాగునూ తుమ్మలవాగునూ తనలో కలుపుకొని, ఒక్కసారిగా డెబ్బై అడుగుల లోతుకు పడి, అక్కడినుంచి సుమారు మూడు కిలోమీటర్లు రాళ్ల మధ్య నడిచి కృష్ణలో కలుస్తుంది. పూర్వం యతులు తపస్సు చేసిన చోటు గనుక దీన్ని 'యతి తపోతలం' అనేవారనీ, అదే జనం నోట నలిగి ఎత్తిపోతల అయిందనీ చెబుతారు.

నాగార్జునసాగరం చూడవచ్చిన వారు, అక్కడికి పదకొండు కిలోమీటర్లే గనుక, దీన్ని కూడా చూసి వెళ్లడం రివాజు. మేము మాత్రం పోయిన కార్తీకంలో ఒక ఆదివారం నాడు ఎత్తిపోతల వెళ్లింది ఒక కారును చూడడానికి.

సంగతేమిటంటే, మా అక్కయ్య కొడుకు నరసరావుపేటలో వ్యాపారం చేసుకుంటున్నాడు. బుద్ధిమంతుడు. కాఫీ తప్ప వేరే అలవాటు లేదు. అటువంటివాడికి 2023 ఫిబ్రవరిలో ఒక జ్వరం తగిలింది. ఆ నెల 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరం ఒడ్డున కరెంటుతో నడిచే రేసుకార్ల పందెం జరిగింది. ఫార్ములా ఈ అంటారు. ఊరి రోడ్లనే 2.8 కిలోమీటర్ల పందెపుబాటగా మార్చారు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచివాడు గెలిచాడు. మరుసటి ఏడు జరగవలసిన పందెం రద్దయింది గాని, మావాడి జ్వరం దిగలేదు. అప్పటినుంచి రాత్రి భోజనం కాగానే పాత స్పోర్ట్స్ కార్ల బొమ్మలు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

చివరికి ఒకటి దొరికింది. పేరు చెప్పను. విదేశపు కంపెనీది, రెండు తలుపులు, వెనక సీటు పిల్లలకు కూడా చాలదు. కొత్తగా కొన్నప్పుడు ఎనభై లక్షల పైచిలుకు. పదకొండేళ్లు గడిచాక ఇప్పుడు ఇరవై రెండు లక్షలట. అమ్మే అతను హైదరాబాదు యువకుడు. "సగం దూరం మీరు రండి, సగం దూరం నేను వస్తాను. ఎత్తిపోతల దగ్గర కలుసుకుందాం" అన్నాడు.

"ఎనభై లక్షల బండి ఇరవై రెండుకు వస్తోంది మామయ్యా! అంటే యాభై ఎనిమిది లక్షలు లాభమే గదా!" అన్నాడు మావాడు.

"ఒరేయ్, ఇరవై రెండు లక్షలు ఖర్చు పెట్టకుండా వుంటే ఇరవై రెండు లక్షలు మిగులుతుంది. అది లాభం" అంది మా అక్కయ్య.

ఆమె బాధ ఆమెది. పాత పెంకుటిల్లు వానకు కురుస్తోంది. దాని మీద రెండు గదుల డాబా వేయించాలని నాలుగేళ్లనుంచి అనుకుంటోంది. మావాడి దగ్గర వున్నది పన్నెండు లక్షలు. మిగతాది అయిదేళ్ల వాయిదాల మీద అప్పు. అంటే డాబా అయిదేళ్లు వెనక్కి పోయినట్లే. కొడుకును కాదనలేక, అవుననలేక, "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కూడా వెళ్లరా, నేనూ వస్తాను" అంది. మాతో బాటు మా వీధి చివరి షెడ్డు మెకానిక్కు మేస్త్రీగారిని కూడా తీసుకుపోయాం. ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్లు విప్పిన చెయ్యి ఆయనది.

తెల్లవారుజామున మా పాత కారులో బయలుదేరి పిడుగురాళ్ల చేరేసరికి ఎండ పొడిచింది. పిడుగురాళ్ల సున్నానికి పేరుపడ్డ ఊరు. అక్కడినుంచి గురజాల, రెంటచింతల, మాచర్ల. దారి పొడుగునా నాపరాయి. ఇంటి గోడ నాపరాయి, పొలం గట్టు నాపరాయి, పశువుల కొట్టం కప్పు కూడా నాపరాయి. రెంటచింతల పేరు వేసవిలో పత్రికల్లో చూసే వుంటారు. రాష్ట్రంలో ఎండ ఎక్కువగా కాసిన చోటుగా ఏటా దాని పేరు వస్తుంది.

"ఇక్కడ మే నెలలో ఆ బండి ఇంజను ఏమంటుందో ఆలోచించారా బాబూ?" అన్నాడు మేస్త్రీ.

"అరబ్బు దేశాల్లో తిరగడం లేదూ?" అన్నాడు మావాడు.

"తిరుగుతాయి. కొత్తవి తిరుగుతాయి. పదకొండేళ్ల బండిలో ప్లాస్టిక్కు గొట్టాలు, రబ్బరు గొట్టాలు అప్పడాల్లాగా అవుతాయి. వేడికి ఒకటి పగిలి నీళ్లు కారిపోయాయంటే, చూసుకోకుండా రెండు మైళ్లు నడిపితే చాలు, ఇంజను తల వంకరపోతుంది" అన్నాడాయన.

మావాడు తాపీమేస్త్రీలు వాడే ఉక్కు టేపు ఒకటి తెచ్చాడు. ఊరు వచ్చినప్పుడల్లా కారు ఆపించి స్పీడు బ్రేకరు ఎత్తు కొలిచేవాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు వుండాలి. అంత వెడల్పున నిదానంగా లేచి దిగితే ఏ బండి కడుపూ గీసుకోదు. కాని మన పల్లెల్లో ఎవరింటి ముందు వారు సిమెంటుతో వేసుకునే గట్లకు ఈ లెక్కలు తెలియవు. రెండు చోట్ల టేపు పన్నెండు దాటింది. వెడల్పు చూస్తే మూరెడు! స్పోర్ట్స్ కార్లలో చాలావాటి కడుపుకూ నేలకూ మధ్య సందు పది పదమూడు సెంటీమీటర్ల లోపే. కొలిచిన కొద్దీ మావాడి ముఖం చిన్నదవుతూ వచ్చింది. టేపు చుట్టి జేబులో పెట్టుకొని, "ఏటవాలుగా ఎక్కిస్తే దాటవచ్చు" అన్నాడు.

ఎత్తిపోతల చేరేసరికి పదయింది. హైదరాబాదు అబ్బాయి అప్పటికే వచ్చి వున్నాడు. కారు సంగతి నిజం చెప్పాలి: అందమైనది. ఎర్రటి వొళ్లు, వెడల్పాటి వెనకచక్రాలు. విహారానికి వచ్చిన పిల్లలంతా జలపాతం మాని దాని చుట్టూ చేరారు. మావాడి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

మేస్త్రీ మాత్రం దగ్గరకు పోయి ముందుమూత మీద చెయ్యి పెట్టి తీశాడు. "వేడిగా వుంది. చల్లారనివ్వండి. చల్లబడ్డ ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే నిజం చెబుతుంది. రెండుమూడు గంటలు ఆగుదాం. ఈలోపల మీరు నీళ్లు చూసి రండి" అన్నాడు.

అలా ఆయన పుణ్యమా అని మాకు ఎత్తిపోతలను తీరుబడిగా చూసే యోగం పట్టింది.

కొండ అంచున పర్యాటకశాఖ వారి చూపుచోటు వుంది. నడిచి నడిచి ముందుకు పోతే హఠాత్తుగా నేల అయిపోతుంది. ఎదుట పెద్ద లోయ. దాని అవతలి గోడమీదనుంచి నీరు తెల్లని పాయలుగా విడిపోయి పడుతుంది. వానాకాలం ముగిసిన రోజులు గనుక పాయలు నిండుగా వున్నాయి. చప్పుడు గట్టిగా వుండదు. దూరాన ధాన్యం మిల్లు ఆడుతున్నట్లు ఎడతెగకుండా వుంటుంది. కింద ఆకుపచ్చని మడుగు. అంత చల్లని నీరు చూస్తే దిగి స్నానం చేయాలనిపిస్తుంది గాని, ఆ కోరిక పైనే వదిలి రావాలి. అక్కడ మొసళ్లు వున్నాయి. మొసళ్ల పెంపకపు కేంద్రం కూడా ఇక్కడిదే. బండలమీద కదలక మెదలక పడివున్న దాన్ని చూసి మా అక్కయ్య మొద్దు అనుకుంది. అది నోరు తెరిచేదాకా.

లోయలో రంగనాథస్వామి, దత్తాత్రేయస్వామి ఆలయాలున్నాయి. దత్తాత్రేయుణ్ణి, మధుమతీదేవిని లంబాడీలు భక్తితో కొలుస్తారు. అద్దాల రవికెలు తొడుక్కున్న ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకొని మెట్లు దిగుతుంటే మా అక్కయ్య కూడా బయలుదేరింది. ఏమి మొక్కుకున్నదో నేను అడగలేదు.

నేనూ మావాడూ గట్టుమీద కూర్చున్నాం. "సచిన్ టెండూల్కర్ కారు కూడా సెకండ్ హాండుగా అమ్ముడుపోయింది మామయ్యా" అన్నాడు వాడు.

ఆ కథ పాఠకుల్లో చాలామందికి తెలిసేవుంటుంది. బ్రాడ్మన్ 29 సెంచరీల రికార్డును అందుకున్నందుకు 2002లో టెండూల్కర్‌కు ఫెరారీ 360 మోడెనా కారు బహుమానంగా వచ్చింది. తాళంచెవి అందించినవాడు మైకేల్ షూమాకర్. ఉచితంగా వచ్చిన కారే అయినా, మన దేశంలోకి తేవడానికి కట్టవలసిన సుంకం మీద 2003లో పెద్ద వాదు లేచింది. చివరికి 2011లో దాన్ని సూరత్ వ్యాపారి ఒకరు కొనుక్కున్నారు. ఇందులో గ్రహించవలసింది ఒకటుంది. కారు చేతికి వచ్చిన ధర ఒకటి. దాన్ని వుంచుకోవడానికి అయ్యే ధర మరొకటి. ఉచితంగా వచ్చిన దానికి కూడా రెండోది తప్పలేదు.

"బండి ధర ఎనభైనుంచి ఇరవై రెండుకు పడింది, నిజమే. దాని బ్రేకు డిస్కు ధర పడిందా? గేరుపెట్టె ధర పడిందా? అవి ఎనభై లక్షల బండివి గానే వుంటాయి గదరా" అన్నాను. వాడు మాట్లాడలేదు.

పేరున్న కంపెనీ గదా అనుకోవడానికి కూడా లేదు. పోర్షే అంటే లోకమంతా గౌరవించే పేరు. అయినా 1997నుంచి 2008దాకా వారు చేసిన బాక్స్‌టర్, 911 కార్లు చాలావాటిలో ఇంజను లోపల ఒక చిన్న బేరింగు వుండేది. అన్నిటిలోనూ కాదు, కొన్నిటిలో అది అరిగి విరిగేది. విరిగితే ఇంజనంతా పోయినట్లే. 2009నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ భాగమే లేకుండా చేశారు. మావాడు చూసిన బండి ఆ కంపెనీది కాదు. కాని ప్రతి జాతి కారుకూ ఇలాంటి మర్మస్థానం ఒకటి వుంటుంది. కొనబోయేవాడు ముందుగా తెలుసుకోవలసింది గంటకు ఎన్ని మైళ్లు పోతుందని కాదు, ఎక్కడ విరుగుతుందని.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మేస్త్రీ మమ్మల్ని పిలిచాడు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్ల మీద గీతలు బాగా లోతుగా వున్నాయి. చూడ్డానికి కొత్తవే. ఆయన మోకాళ్లమీద కూర్చొని టైరు పక్కన వున్న నాలుగు అంకెలు చదివించాడు: 1417. అంటే 2017వ సంవత్సరం పద్నాలుగో వారంలో చేసిన టైరు. "ఎక్కువ తిరగలేదు గనుక అరగలేదు. కాని రబ్బరు గట్టిపడింది. ఈ వేగానికి ఇవి పనికిరావు. నాలుగూ మార్చాలి" అన్నాడు. మావాడు చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

తరువాత బ్రేకు డిస్కుల అంచు వేలితో తడిమాడు. అంచున గట్టు తేలింది. అదీ పుస్తకంలోకి ఎక్కింది. నేలమీద వెల్లకిలా పడుకొని టార్చి వేసి చూశాడు. ముందుభాగం అడుగున గీతలే గీతలు. ఒకచోట ప్లాస్టిక్కు రేకు పగిలితే తీగతో కుట్టారు. హైదరాబాదు స్పీడు బ్రేకర్లు మన వాటికేం తీసిపోవు కాబోలు!

తరువాత స్టార్టు చేయించాడు. అందరం ఊపిరి బిగపట్టాం. ఇంజను లేచింది. లేచిన క్షణంలో రాళ్ల డబ్బా ఆడించినట్లు గలగల వినిపించి, నాలుగు సెకన్లకు సర్దుకుంది. వెనకనుంచి నీలిరంగు పొగ ఒక్కసారి వచ్చి ఆగింది. "చల్లబడితే కొంచెం అలాగే చేస్తుంది అంకుల్, నార్మలే" అన్నాడు అమ్మే అబ్బాయి. "గొలుసు వదులయిందేమో. నీలిపొగ అంటే ఆయిలు మండుతోందన్న మాట" అన్నాడు మేస్త్రీ, పొగను చూస్తూనే.

ఆపైన సంచిలోనుంచి అరచేతిలో పట్టే స్కానరు తీసి, స్టీరింగు కింద తగిలించాడు. ఈ కాలపు బండ్లలో కంప్యూటరు తనను తాను పరీక్షించుకుంటూ, తప్పులన్నీ పట్టికగా రాసుకుంటుంది. పట్టికలో ఒక్క తప్పు కూడా లేదు. మావాడి ముఖం వెలిగింది. మేస్త్రీ ముఖం వెలగలేదు. పట్టికను చెరిపేస్తే కంప్యూటరు తన పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. అవి పూర్తి కావడానికి కొంత దూరం తిరగాలి. ఈ బండిలో నాలుగు పరీక్షలు ఇంకా పూర్తికాలేదని చూపుతోంది. అంటే పట్టిక ఈమధ్యనే చెరిగిందన్న మాట. "బ్యాటరీ మార్చాం అంకుల్, అందుకని" అన్నాడు ఆ అబ్బాయి. బ్యాటరీ తీసినా అలా జరగవచ్చు, మేస్త్రీ కాదనలేదు. పట్టిక శుభ్రంగా వుంటే తప్పులు లేవనుకోకూడదు, అంతే.

ఇక కాగితాలు. నేను పరీక్షించగలిగింది అవే గనుక కళ్లజోడు పెట్టుకున్నాను. రిజిస్ట్రేషను వేరే రాష్ట్రానిది. పేరు ఈ అబ్బాయిది కాదు, అతనికి అమ్మిన వాడిది. ఏడాదిన్నరగా అలాగే నడుపుతున్నాడు. పైగా ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా దానిమీదే వుంది. అప్పు తీరిపోయిందట, కాగితం రావాలట.

ఇక్కడ నాలుగు మాటలు అందరికీ పనికివస్తాయి. పరాయి రాష్ట్రపు బండికి అక్కడి ఆఫీసునుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే 28వ నంబరు ఫారం, రావాలి. అమ్మినవాడి వర్తమానం 29, పేరు మార్పు దరఖాస్తు 30, అప్పు తీరినట్లు ఫైనాన్సు వారి సంతకంతో 35. ఆపైన మన రాష్ట్రంలో బండి వయసును బట్టి జీవితపన్ను కట్టాలి. ఖరీదైన బండికి అదే లక్షల్లో వుంటుంది. ఇందులో ఒక్క కాగితం లేకపోయినా డబ్బు ఇచ్చిన తరువాత బండి మన వాకిట్లో వుంటుంది గాని మనది కాదు. బండి ఎవరి చేతులు మారినా, రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. అమ్మేవాడికీ ప్రమాదమే, కొనేవాడికీ ప్రమాదమే.

అయినా బండిని ఒకసారి నడిపి చూడకుండా తిరిగిపోవడం న్యాయం కాదు. మాచర్ల వైపు కొంతదూరం రోడ్డు తిన్నగా, ఖాళీగా వుంది. మావాడు చక్రం పట్టుకున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. సీటు నేలకు ఆనినట్లే వుంది. కాలు కాస్త నొక్కాడో లేదో వీపు వెనక్కి అతుక్కుపోయింది. చెట్లు గీతలయ్యాయి. వంపు తిరిగేటప్పుడు బండి ఒరగలేదు, పట్టాలమీద పోయినట్లు పోయింది. అరవై ఏళ్లు దాటిన నాకే నవ్వు ఆగలేదంటే, వాడి సంగతి చెప్పేదేముంది! దీనికోసం మనుషులు ఆస్తులు ఎందుకు పారేసుకుంటారో ఆ నాలుగు నిమిషాల్లో నాకు అర్థమయింది. అది వొట్టి హంగు కాదు. నిజంగానే సుఖం.

తిరిగి వచ్చి మావాడు కిందికి దిగి, పుస్తకం తెరిచి లెక్క కట్టాడు. టైర్లు, బ్రేకులు, గొలుసు, పన్ను, భీమా. కొన్నిటి ధర మేస్త్రీ చెప్పాడు, కొన్నిటికి ఫోను చేసి కనుక్కున్నాడు. మొదటి ఆరు నెలల్లోనే తొమ్మిది లక్షలకు తేలింది. గొలుసు విప్పాక లోపల ఇంకేం కనిపిస్తుందో అది వేరు.

ఆ అబ్బాయితో వాడు మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, బండి నాకు నచ్చింది. కాగితాలు మీ పేర్న మార్పించండి. హైదరాబాదులో మీకు ఇష్టమైన షెడ్డుకే తీసుకుపోదాం. లిఫ్టుమీద ఎక్కించి, సిలిండర్ల వత్తిడి కొలిపిద్దాం. ఖర్చు నాదే. అది బాగుంటే అప్పుడే బేరం" అన్నాడు.

"అంత టైము లేదు బ్రదర్. ఇంకా ఇద్దరు కాష్ పట్టుకొని రెడీగా వున్నారు. ఇవాళ అడ్వాన్సు ఇస్తే మీది" అన్నాడా అబ్బాయి.

మావాడు ఒక్క నిమిషం ఆ ఎర్రబండి వంక చూశాడు. జేబులో చెక్కుపుస్తకం వుందని నాకు తెలుసు. మా అక్కయ్య అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, ఏమీ అడగకుండా కొడుకు చేతిలో కొబ్బరిచిప్ప పెట్టింది.

"అయితే వాళ్లకే ఇవ్వండన్నా" అన్నాడు వాడు.

తిరుగుదోవ మాచర్ల మీదుగా పోనిచ్చాం. చెన్నకేశవస్వామి దర్శనం చేసుకొని, రాతి శిల్పులకు పేరుపొందిన దుర్గి మీదుగా కారంపూడి చేరాం. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది ఇక్కడే, నాగులేటి ఒడ్డున. ఏటా కార్తీక అమావాస్యకు అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకొక పేరు. మేము పోయేసరికి వీరుల గుడి దగ్గర పందిళ్లు వేస్తున్నారు.

"కోడిపందెం వోడి మలిదేవరాజు ఏడేళ్లు వనవాసం పోయాడు. నీకు అయిదేళ్ల వాయిదాలే గదరా, నయమే!" అంది మా అక్కయ్య. దారిలో వాడు నవ్వింది అదే మొదటిసారి.

వాడు ఆశ వదులుకున్నాడని కాదు. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాడు. బండి ధరలో మూడోవంతు మరమ్మతులకని విడిగా బ్యాంకులో వుంటే తప్ప, కాగితాలు అమ్మేవాడి పేర్నే వుంటే తప్ప, లిఫ్టుమీద ఎక్కించి చూపిస్తే తప్ప, కొనడట. ఆ మూడోవంతు కూడబెట్టేలోగా డాబా వేయిస్తానని తల్లికి మాటిచ్చాడు. సంక్రాంతి వెళ్లాక ఇటుక దిగింది.

ఎత్తిపోతల వెళ్లదలచిన వారికి ఒక మాట. వానలు ముగిసిన తరువాత, ఆశ్వయుజ కార్తీకాల్లో వెళ్లండి. నీరు నిండుగా వుంటుంది, ఎండ బాధ తక్కువ. మాచర్లనుంచి గాని, సాగరంనుంచి గాని సులభంగా చేరవచ్చు. పిల్లల్ని గట్టు అంచుకు పోనివ్వకండి, మడుగు దగ్గరకు అసలే వద్దు. భోజనం కట్టుకుపోతే నిశ్చింతగా సాయంత్రం దాకా కూర్చోవచ్చు. ఏ కారులో వెళ్లినా ఫరవాలేదు. ఊళ్ల దగ్గర మాత్రం స్పీడు బ్రేకర్లు చూసుకొని నిదానంగా పోనివ్వండి.